పీజీఏ ఛాంపియన్‌షిప్ పాత జాబితాలో ఈ “6 అండ్ 5” ఏమిటి? హేగెన్ ఐదూ, నిక్లాస్ ఐదూ ఒకటేనా?

ఫ్రిస్కో_శ్రీధర్

అందరికీ నమస్కారం. మేము ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం 2022లో మా ఊరికే వచ్చింది. 2027లో పీజీఏ ఛాంపియన్‌షిప్ కూడా ఇక్కడి ఫీల్డ్స్ రాంచ్ ఈస్ట్ కోర్సులోనే. ఆఫీసులో భోజనాల దగ్గర ఇప్పుడు ఇదే మాట. నేను గోల్ఫ్ నేర్చుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను కాబట్టి ఎక్కువగా వింటూ కూర్చుంటాను.

మొన్న విజేతల జాబితా తీసి చూశాను. 1958 నుంచి కింద వరకు అంతా అర్థమైంది: 276, 281, అలా నాలుగు రౌండ్ల మొత్తాలు. అంతకు ముందున్న వరుసల్లో మాత్రం “6 అండ్ 5”, “1 అప్”, “38 హోల్స్” అని ఉన్నాయి. 1938కి ఎదురుగా “8 అండ్ 7”. మ్యాచ్ ప్లే అని పేరు తెలిసింది గానీ లెక్క తెలియలేదు.

అసలు సందేహం ఇది. వాల్టర్ హేగెన్ ఐదుసార్లు, జాక్ నిక్లాస్ ఐదుసార్లు గెలిచి సమానంగా ఉన్నారు. మా సహోద్యోగి ఒకాయన, “హేగెన్ ఆడింది వేరే ఆట, అవి లెక్కలోకి రావు” అంటున్నాడు. నిజమేనా? అంత మంచి పద్ధతి అయితే ఎందుకు మానేశారు?

పాతస్కోరుకార్డు

శ్రీధర్ గారూ, మీ సహోద్యోగికి నా మాటగా చెప్పండి: ఎవరివైనా లెక్కలోంచి తీసేయాల్సి వస్తే, అవి హేగెన్‌వి మాత్రం కావు. నిక్లాస్ అభిమానులు నా మీదికి రావద్దు, ఆయనంటే నాకూ గౌరవమే.

నేను దినపత్రికలో క్రీడల డెస్కు మీద పనిచేసి రిటైరైనవాణ్ని. గోల్ఫ్ వార్త అంటే క్రికెట్ పేజీ కట్టేశాక, అర్ధరాత్రి దగ్గరపడ్డాక వచ్చే నాలుగు లైన్ల ఏజెన్సీ కాపీ. ఎవరూ ముట్టుకోరు కనుక నా బల్ల మీదికి చేరేది. అలా పట్టుకున్న పిచ్చి ఇది, ఇంకా వదల్లేదు.

ముందు అంకెల సంగతి. మ్యాచ్ ప్లేలో మొత్తం స్ట్రోకులు, అంటే కొట్టిన దెబ్బలు, ఎవరికీ అక్కరలేదు. ఏ హోల్‌కు ఆ హోలే పందెం. మీరు నాలుగులో, నేను ఐదులో ముగిస్తే ఆ హోల్ మీది, మీరు 1 అప్. నేను ఐదుకు బదులు తొమ్మిది కొట్టినా పోయేది ఆ ఒక్క హోలే. ఇద్దరూ సమానంగా ముగిస్తే ఎవరికీ ఏమీ లేదు, తరువాతి టీకి, అంటే తరువాతి హోల్ మొదలయ్యే చోటికి, నడుస్తారు. మీ ఆధిక్యం మిగిలిన హోల్స్ కంటే ఎక్కువైన క్షణాన ఆట సరి. “6 అండ్ 5” అంటే ఆరు ముందున్నారు, మిగిలినవి ఐదే. ఫైనల్ 36 హోల్స్ కాబట్టి 31వ దగ్గరే చేతులు కలిపేసి వెళ్లిపోయారన్నమాట. 36లోనూ తేలకపోతే తేలేదాకా ఆడాలి. 1923లో న్యూయార్క్ దగ్గర పెల్హమ్‌లో జీన్ సారజెన్, హేగెన్‌ల ఫైనల్ అలా 38వ హోల్ దాకా సాగింది. అక్కడ సారజెన్ డ్రైవ్, అంటే టీ నుంచి కొట్టిన మొదటి దెబ్బ, ఎడమకు మెలితిరిగి ఏపుగా పెరిగిన గడ్డిలో పడింది. అందులోంచి కొట్టిన రెండో దెబ్బ కప్పుకు, అంటే గోతికి, రెండడుగుల్లో వచ్చి నిలిచింది. హేగెన్ బంతి బంకర్ అనే ఇసుక గుంటలో పడింది. అంతే, ఛాంపియన్‌షిప్ సారజెన్‌ది.

ఇక అసలు రుచి ఎక్కడుందంటే, మ్యాచ్ ప్లేలో ఎదుటివాడి పట్‌ను, అంటే బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బను, మీరు ఇచ్చేయవచ్చు. “ఇక కొట్టనక్కరలేదు, పడినట్టే” అని బంతి తీసుకోమనవచ్చు. దెబ్బలన్నీ కూడి విజేతను తేల్చే స్ట్రోక్ ప్లేలో ఈ వెసులుబాటు లేదు, అరంగుళమైనా కొట్టి కప్పులో వేయాల్సిందే. ఇచ్చిన పట్‌ను వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఈ చిన్న మర్యాదను ఆయుధంగా మార్చినవాడు హేగెన్.

1927 ఫైనల్ జరిగింది మీకు దగ్గర్లోనే. డాలస్‌లోని సెడార్ క్రెస్ట్. ఎదురుగా జో టర్నేసా. ఇప్పటికీ చెప్పుకునే కథ ప్రకారం హేగెన్ ఆలస్యంగా వచ్చాడు, ఎంతో వినయంగా క్షమాపణ చెప్పాడు, అందుకు బదులన్నట్టు మొదటి కొన్ని హోల్స్‌లో టర్నేసాకు పట్లు ఉదారంగా ఇచ్చేశాడు. తరువాత ఇవ్వడం ఆపేశాడు. పొద్దుటి నుంచి చిన్న పట్ ఒక్కటీ కొట్టని మనిషి, చేతులు వణికే వేళకు వరుసగా కొట్టాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ కథలో ఉప్పూకారం ఎంత కలిపారో గానీ ఫలితం మాత్రం రికార్డే: హేగెన్ 1 అప్. చివరి గ్రీన్ (కప్పు చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద సమం చేసే అవకాశం టర్నేసాకు వచ్చింది. పట్ పడలేదు.

అదే కోర్సులో అదే వారం ఇంకో చిన్న సంగతి. ఎండ కళ్లలో పడుతుంటే హేగెన్ చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడట. గుంపులో ఉన్న పదిహేనేళ్ల కుర్రాడు తన టోపీ తీసి ఇచ్చాడు. ఆ కుర్రాడి పేరు బైరన్ నెల్సన్, తరువాత తనూ ఈ ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు. పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు.

హేగెన్ 1924 నుంచి 1927 దాకా వరుసగా నాలుగు గెలిచాడు. ఏడాదికి ఐదు మ్యాచ్‌లు, మొత్తం ఇరవై. 1928లో మరో రెండు గెలిచాక క్వార్టర్ ఫైనల్లో లియో డీగల్ చేతిలో ఓడాడు. అంటే వరుసగా ఇరవై రెండుసార్లు ఎదురుగా నిలబడినవాడు అతని ముఖం చూస్తూ ఓడిపోయాడు. స్ట్రోక్ ప్లేలో అయితే డెబ్బై రెండు హోల్స్‌లో ఒక చెడ్డ రౌండును మిగతా మూడింటితో సర్దుకోవచ్చు. ఇక్కడ మధ్యాహ్నం ఓడితే సాయంత్రం రైలెక్కడమే.

కొసరు: 1928లో డీగల్ గెలిచాక ఇవ్వడానికి ట్రోఫీ లేదు. హేగెన్ ఎప్పుడో టాక్సీలో పోగొట్టుకున్నాడు. ఏటా తనే గెలుస్తున్నాడు కనుక అడిగినవాళ్లు లేరు! చివరికది డెట్రాయిట్‌లో, హేగెన్ పేరుతో క్లబ్బులు తయారుచేసే సంస్థ నేలమాళిగలో దొరికింది. ఇలాంటి మనిషివి లెక్కలోకి రావంటే ఎలాగండీ.

వైజాగ్_స్వింగ్

పాతస్కోరుకార్డు గారి రాతలంటే నాకు ఇష్టమే. కానీ ఈసారి హేగెన్ మీద ప్రేమ కాస్త ఎక్కువైంది. మూడు అభ్యంతరాలు చెప్పి ఊరుకుంటాను.

ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడు బాబీ జోన్స్. ఆయన అమెచ్యూర్, అంటే డబ్బు కోసం ఆడనివాడు. పీజీఏ ఛాంపియన్‌షిప్ ప్రొఫెషనల్స్‌కు మాత్రమే. అంటే హేగెన్ ఆ ఇరవై రెండు మ్యాచ్‌లలో ఎవరికి ఎదురుపడే ప్రమాదమే లేదో చూడండి.

ఇక ఒక్క రోజు అదృష్టం. టోపీ ఇచ్చిన ఆ కుర్రాడినే తీసుకుందాం. 1939 నుంచి 1945 వరకు జరిగిన ఆరు ఛాంపియన్‌షిప్‌లలో నెల్సన్ ఐదుసార్లు ఫైనల్ చేరాడు. గెలిచింది రెండే, 1940లో, 1945లో. పికార్డ్ మీద 37వ హోల్‌లో, గెజ్జీ మీద 38వ హోల్‌లో ఓడాడు. 1944లో స్పోకేన్‌లో బాబ్ హామిల్టన్ మీద ఒక్క హోల్ తేడాతో పోయింది. ఏళ్ల తరబడి అందరికంటే బాగా ఆడినవాడికి రెండే దక్కాయంటే అది కొలిచే పద్ధతిలో లోపమా, కాదా?

అన్నిటికంటే ముఖ్యం శరీరం. అర్హత రౌండ్లు కలుపుకుంటే విజేత వారంలో రెండు వందలకు అటూఇటూగా హోల్స్ నడవాల్సి వచ్చేది, చివరి రోజుల్లో రోజుకు 36. బెన్ హోగన్ 1946లో, 1948లో గెలిచాడు. 1949 ఫిబ్రవరిలో టెక్సస్ రోడ్డు మీద ఆయన కారును గ్రేహౌండ్ బస్సు ఢీకొంది. కాళ్లు మళ్లీ మునుపటిలా కాలేదు. మిగతా మేజర్లు, అంటే అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు, ఆడాడు, గెలిచాడు. పీజీఏకు మాత్రం మ్యాచ్ ప్లే ఉన్నంతకాలం తిరిగి రాలేదు. 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్, ఆడిన మూడూ గెలిచాడు. ఆ ఏడు పీజీఏ తేదీలు ఎలాగూ బ్రిటిష్ ఓపెన్‌తో ఢీకొన్నాయనుకోండి. అయినా ఆ కాలపు అత్యుత్తమ ఆటగాడు రాలేని ఛాంపియన్‌షిప్ ఏం ఛాంపియన్‌షిప్?

పాతస్కోరుకార్డు

జోన్స్ మాట ఒప్పుకుంటున్నాను, దానికి నా దగ్గర జవాబు లేదు. హోగన్ కాళ్ల సంగతి రోజుకు 36 హోల్స్ పెట్టినవాళ్ల తప్పు. మ్యాచ్‌ను 18కి కుదిస్తే పోయేది. అందుకు ఆట రకాన్నే మార్చేయాలా?

నెల్సన్ విషయంలో మాత్రం మీరు తలకిందులుగా చూస్తున్నారు. స్ట్రోక్ ప్లే పరుగు పందెం, మ్యాచ్ ప్లే కుస్తీ. గోదాలోకి దిగాక పాత పతకాలు చూపిస్తే ప్రత్యర్థి పడుకోడు. 1938లో పెన్సిల్వేనియాలోని షానీలో జరిగిన ఫైనల్ చూడండి. శామ్ స్నీడ్ బంతిని కొడితే కనుచూపు దాటేది. పాల్ రన్యన్ బక్కపలచటి మనిషి, ప్రతి టీ దగ్గరా స్నీడ్‌కు ఎన్నో గజాలు వెనకబడేవాడు. వెనకబడ్డాడు గనుక రెండో దెబ్బ తనే ముందు కొట్టాలి. దూరం నుంచి చెక్క క్లబ్బుతో కొట్టి గ్రీన్ మీద కప్పు పక్కన పెట్టేవాడు. దగ్గర్లో, చేతిలో ఐరన్‌తో నిలబడ్డ స్నీడ్ దాన్ని చూస్తూ తన దెబ్బ కొట్టాలి. పొద్దుటి నుంచి అదే వరుస. 29వ హోల్ దగ్గర ముగిసింది, మీ జాబితాలోని ఆ 8 అండ్ 7 అదే. ఈ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ అన్నింటిలోకీ పెద్ద తేడా. రన్యన్‌కు “లిటిల్ పాయిజన్” అని ఊరికే పేరు పెట్టలేదు. వాళ్లిద్దరూ వేర్వేరు గుంపుల్లో నడుస్తూ కార్డులు నింపుకుని ఉంటే ఈ కథ పుట్టేదే కాదు.

ఫ్రిస్కో_శ్రీధర్

ఇద్దరికీ ధన్యవాదాలు. అంకెలు ఇప్పుడు అర్థమయ్యాయి. ఒక చిన్న ప్రశ్న. 1927లో ఓడిన జో టర్నేసా తరువాత ఎప్పుడైనా గెలిచాడా? జాబితాలో 1952 ఎదురుగా టర్నేసా అని కనిపిస్తోంది.

పాతస్కోరుకార్డు

ఆయన కాదు, తమ్ముడు. ఎవరైనా అడగాలని ఎదురుచూసే ప్రశ్న ఇది, కాస్త ఓపికపట్టండి.

టర్నేసాల తండ్రి విటాలే ఇటలీ నుంచి వచ్చి, న్యూయార్క్‌కు ఉత్తరాన ఉన్న ఫెయిర్‌వ్యూ క్లబ్బులో గ్రీన్‌కీపర్‌గా పనిచేశాడు. అంటే గడ్డి కోసి, నీళ్లు పెట్టి, గ్రీన్లు చదును చేసే పని. ఏడుగురు కొడుకులు. అందరూ కాడీలుగా (ఆటగాళ్ల క్లబ్బులు మోసేవాళ్లుగా), తండ్రికి సాయంగా ఆ కోర్సు మీదే పెరిగారు. ఆరుగురు ప్రొఫెషనల్స్ అయ్యారు. ఆఖరివాడు విల్లీ మాత్రం అమెచ్యూర్‌గానే ఉండిపోయి 1938లో, 1948లో యూఎస్ అమెచ్యూర్, మధ్యలో 1947లో బ్రిటిష్ అమెచ్యూర్ గెలిచాడు. గమనించండి, రెండూ మ్యాచ్ ప్లేలో తేలే టోర్నమెంట్లే.

పీజీఏ మాత్రం ఆ ఇంటికి అంత సులువుగా లొంగలేదు. 1927లో జో ఒక్క హోల్ తేడాతో పోగొట్టుకున్నాడు. 1942లో జిమ్ వంతు వచ్చింది. యుద్ధకాలం, జిమ్ అప్పటికి సైన్యంలో కార్పొరల్. క్వార్టర్ ఫైనల్లో హోగన్‌ను, సెమీఫైనల్లో నెల్సన్‌ను ఓడించాడు. ఈ రెండు పేర్లూ మళ్లీ ఒకసారి చదవండి. ఫైనల్లో ఎదురైనవాడు స్నీడ్. ఆ తరం ముగ్గురు మహామహులు వరుసగా ఒకే మనిషికి తగలడం ఏం గ్రహచారమో! 2 అండ్ 1తో ఓడాడు. 1948లో సెయింట్ లూయిస్‌లో ఇంకో సోదరుడు మైక్ ఫైనల్ చేరితే హోగన్ 7 అండ్ 6తో ఊపిరాడనివ్వలేదు.

ముగ్గురు అన్నదమ్ములు, మూడు ఫైనల్స్, మూడు ఓటములు. చివరికి 1952లో లూయివిల్‌లోని బిగ్ స్ప్రింగ్‌లో జిమ్ మళ్లీ ఫైనల్‌కు వచ్చి చిక్ హార్బర్ట్‌ను ఓడించాడు. ఎంత తేడాతో అనుకున్నారు? 1 అప్. జో ఏ తేడాతో ఓడాడో సరిగ్గా అదే తేడాతో, పాతికేళ్ల తరువాత. వైజాగ్ గారు దీన్ని కూడా ఒక్క రోజు అదృష్టం అంటారేమో!

కమల_ఆస్టిన్

శ్రీధర్ గారి చివరి ప్రశ్నకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు, అందుకని రాస్తున్నాను. మానేయడానికి కారణం డబ్బు, టీవీ. 1957లో ఒహాయోలోని డేటన్‌లో లయనెల్ హెబర్ట్ 2 అండ్ 1తో డౌ ఫిన్‌స్టర్‌వాల్డ్‌ను ఓడించాడు. అదే ఆఖరి మ్యాచ్ ప్లే పీజీఏ. పెద్ద పేర్లు ముందే ఇంటికి పోతే చివరి రోజు టిక్కెట్టు కొనేదెవరు? కొన్నా నడుస్తున్నది ఇద్దరే. మ్యాచ్ 29వ హోల్‌లో అయిపోతే 36వ హోల్ దగ్గర కెమెరా పెట్టుకుని కూర్చున్నవాళ్ల గతి ఏమిటి? 1958లో ఫిలడెల్ఫియా దగ్గర లానర్క్‌లో స్ట్రోక్ ప్లే పెట్టారు, సీబీఎస్‌లో చూపించారు. గెలిచింది ఎవరో తెలుసా? ముందటేడు ఫైనల్లో ఓడిన ఆ ఫిన్‌స్టర్‌వాల్డే.

1999లో మళ్లీ ప్రపంచ స్థాయి మ్యాచ్ ప్లే టోర్నమెంటు మొదలుపెట్టారు. కొన్నేళ్లు మా ఆస్టిన్‌లోనే జరిగింది, నేనూ వెళ్లి చూశాను. బుధవారం చూడాలి ఆ సందడి! ఎటు తిరిగినా ఒక తగాదా. ఆదివారం అయ్యేసరికి అంత పెద్ద కోర్సులో రెండే మ్యాచ్‌లు, వాటి వెనక జనమంతా. మావారు సగంలోనే నీడ వెతుక్కున్నారు. 2023లో శామ్ బర్న్స్ గెలిచాక దాన్నీ ఎత్తేశారు. ఆ ఫైనల్ కూడా 6 అండ్ 5.

అయితే ఆ టోర్నమెంటు వల్ల ఒక మంచి కథ మిగిలింది. 2006లో స్టీఫెన్ ఏమ్స్, టైగర్ వుడ్స్ డ్రైవ్‌లు ఎటు పోతాయో తెలియదన్న అర్థంలో ఏదో నోరుజారాడు. మర్నాడు టైగర్ అతని మీదే 9 అండ్ 8తో గెలిచాడు. పద్దెనిమిది హోల్స్ మ్యాచ్‌లో అంతకు మించి గెలవడానికి పెద్దగా చోటే లేదు.

వైజాగ్_స్వింగ్

కమల గారు చెప్పింది నిజం. ఇంకొకటి కూడా చేర్చాలి. పీజీఏ నియమావళిలో 1934 నుంచి శ్వేతజాతీయులకే సభ్యత్వం అన్న నిబంధన ఉండేది. 1961లో గానీ తీయలేదు. శ్రీధర్ గారి పక్కనున్న సెడార్ క్రెస్ట్‌లోనే 1954లో నల్లజాతి గోల్ఫర్ల సంఘం తమ జాతీయ ఓపెన్ నడుపుకుంది. చార్లీ సిఫర్డ్ గెలిచాడు. అదే కోర్సులో హేగెన్ గెలిచినదాన్ని అందరూ ఎరుగుదురు, సిఫర్డ్ గెలిచినదాన్ని ఎంతమంది ఎరుగుదురు? మ్యాచ్ ప్లేలో మనిషి ఎదుట మనిషి నిలబడతాడని మనం మురిసిపోతున్నాం గానీ, ఎవరిని నిలబడనివ్వలేదో కూడా చెప్పుకోవాలి.

పాతస్కోరుకార్డు

చెప్పుకోవాలి. మ్యాచ్ ప్లే ఉన్నంతకాలం ఈ ఛాంపియన్‌షిప్‌లో ఓడిపోయే అవకాశం కూడా సిఫర్డ్‌కు ఇవ్వలేదు. ఇందులో నాకు మీతో వాదం లేదు.

ఫ్రిస్కో_శ్రీధర్

నేను అడిగినదానికంటే ఎక్కువే దొరికింది. సెడార్ క్రెస్ట్ ఇప్పుడు డాలస్ నగరానిదట, ఎవరైనా వెళ్లి ఆడవచ్చట. మా సహోద్యోగిని అక్కడికే రమ్మన్నాను, మ్యాచ్ ప్లే ఆడదామని. ఒక చిక్కు ఉంది. ఆటలో నైపుణ్యాన్ని బట్టి ఇచ్చే అదనపు స్ట్రోకుల లెక్క, కోర్స్ హ్యాండిక్యాప్, ఆయనది 9, నాది 24. ఇలా అయితే నేను పదో హోల్‌కే ఇంటికి పోతాను కదా?

పాతస్కోరుకార్డు

పోరు. తేడా పదిహేను కాబట్టి పదిహేను హోల్స్‌లో మీకు ఒక్కో స్ట్రోకు చొప్పున వస్తుంది. స్కోరుకార్డులో ప్రతి హోల్ ఎదురుగా హ్యాండిక్యాప్ అంకె ఉంటుంది. 1 నుంచి 15 వరకు అంకెలున్న హోల్స్ మీవి. అక్కడ మీరు ఆరు, ఆయన ఐదు కొడితే సమం. మిగిలిన మూడింట్లో మాత్రం ఎవరి దెబ్బలు వాళ్లవే. మొదటి టీ దగ్గరే కార్డు మీద ఆ పదిహేనింటికీ చుక్కలు పెట్టుకోండి. మధ్యలో గుర్తొచ్చి అడిగితే తగాదా అవుతుంది.